లంపాంగ్‌లో చలి తొమ్మిదింటి దాకానే

"థాయిలాండ్‌లో చలేమిటండీ, డిసెంబర్లో కూడా చెమటలే" అంటారు బ్యాంకాక్, పట్టాయా చూసొచ్చినవాళ్లు. వాళ్లు చూసినంత మేరకు నిజమే. కానీ బ్యాంకాక్ నుంచి రైలు దారిలో 642 కిలోమీటర్లు ఉత్తరానికి పోతే, వాంగ్ నది ఒడ్డున, చుట్టూ కొండలున్న లోయలో లంపాంగ్ అనే ఊరుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లారుజామున మాట్లాడితే నోట్లోంచి ఆవిరొస్తుంది. సంతలో కూరగాయలమ్మే ముసలమ్మలు ఉన్ని టోపీలు పెట్టుకుని, మోకాళ్ల మధ్య చేతులు దోపుకుని కూర్చుంటారు. ఆ ఊరి చలికాలం తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది చలి కాదు, ఆ టోపీలు. తర్వాత మంచులో ఎక్కణ్నుంచో వినపడే గుర్రపు గిట్టల టకటక.

అయితే ఆ చలికి గడియారం ఉంది. పొద్దున తొమ్మిది దాకా స్వెట్టర్, పదికి అది నడుముకి, పన్నెండుకి సంచిలోకి. మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా పోతుంది. సాయంత్రం ఆరు దాటాక మళ్లీ స్వెట్టర్ బయటికొస్తుంది. ఈ సంగతి తెలియక పదింటిదాకా హోటల్లో పడుకుని, ఎండవేళ గుళ్లు తిరిగి, "ఏముందండీ ఈ ఊళ్లో" అని మర్నాడే చియాంగ్ మై బస్సెక్కేవాళ్లు చాలామంది. లంపాంగ్‌లో చలికాలమంటే నెలలు కాదు, పొద్దున మూడు గంటలు, రాత్రి మూడు గంటలు. మిగతా పనులన్నీ ఆ ఆరు గంటల చుట్టూ సర్దుకోవాలి.

థాయిలో చలికాలాన్ని "రుదూ నావ్" అంటారు. "రుదూ" మన ఋతువే. వాతావరణానికి "ఆకాత్" అంటారు, అది మన ఆకాశం. ఈ చుట్టరికాలు పట్టుకుంటే ఊరు సగం అర్థమవుతుంది. "సవత్దీ" మన స్వస్తి, "విహాన్" విహారం, "చేదీ" చైత్యం, "నఖోన్" నగరం.

ఏ నెలలో వెళ్లాలంటే, నవంబరు మూడో వారం నుంచి జనవరి చివరిదాకా. నవంబరు మొదట్లో వానతడి ఇంకా పూర్తిగా పోదు. ఫిబ్రవరి నుంచి అసలు ఇబ్బంది మొదలవుతుంది: పొలాల్లో మోళ్లు, అడవిలో ఎండుటాకులు తగలబెట్టే కాలం. చలికాలం రాత్రుళ్లు చల్లగాలి కొండల మీంచి జారి లోయ అడుగున పేరుకుంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. డిసెంబర్లో ఆ మూత కింద ఉండేది మంచు. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అదే మూత కింద పొగ. ఫొటోల్లో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తేడా ఒక్కటే: మంచైతే తొమ్మిది పదికల్లా విడిపోతుంది, పొగ మధ్యాహ్నమైనా కదలదు, కళ్లు మండుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ వైపు పోకపోవడమే మేలు.

సెలవులు కూడా చూసుకోవాలి. డిసెంబరు 5, డిసెంబరు 10 థాయిలాండ్‌లో సెలవు దినాలు. వాటి పక్కన శని, ఆదివారాలు తగిలితే బ్యాంకాక్ జనమంతా చలి చూడ్డానికి ఉత్తరానికే బయల్దేరతారు. కొత్త సంవత్సరం వారమైతే చెప్పక్కర్లేదు, రైలు టికెట్టూ దొరకదు, గదీ దొరకదు. ఇంకో లెక్క వారాలది. ఊరి పాత బజారు సంత శని, ఆదివారాల సాయంత్రాలే. సోమవారం దిగి గురువారం పోయేవాళ్లు లంపాంగ్‌లో సగం చూడనట్టే. శుక్రవారం రాత్రి బ్యాంకాక్‌లో రైలెక్కి శనివారం పొద్దున దిగడం అన్నిటికంటే మంచి పద్ధతి.

మనవాళ్లకి హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి. 2025 మే 1 నుంచి దేశంలోకి వచ్చే విదేశీయులందరూ డిజిటల్ అరైవల్ కార్డు ముందుగానే ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఆ వారం లెక్కేమిటో చూసుకోవాలి.

రాత్రి రైళ్లు క్రుంగ్ థేప్ అఫివత్ స్టేషన్ నుంచి బయల్దేరతాయి. 2023 జనవరి నుంచి దూరప్రాంతపు బళ్లు అక్కడికి మారాయి. పాత పుస్తకం చూసి బ్యాంకాక్‌లోని పాత స్టేషన్ హువా లంపోంగ్‌కి పోయి, అక్కణ్నుంచి పరిగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండో తరగతి ఏసీ స్లీపర్‌లో కింది బెర్తు వెడల్పు, కిటికీ ఉంటుంది. పైది ఇరుకు, నడవ దీపం కంట్లో పడుతుంది. ధర తేడా కొంచెమే కాబట్టి కిందిది తీసుకోవాలి. లంపాంగ్ చలి కంటే ఆ పెట్టెలో ఏసీ చలే ఎక్కువ, స్వెట్టర్ సూట్‌కేసులో అడుగున పెట్టుకుంటే రాత్రంతా వణుకే. సాయంత్రం ఆరున్నర తర్వాత బయల్దేరే ఎక్స్‌ప్రెస్ తెల్లవారి ఐదింటికి అటూఇటూగా లంపాంగ్ చేరుతుంది. నిద్రలో ఊరు దాటిపోకుండా ఉండాలంటే డెన్ చాయ్ స్టేషన్ గుర్తుపెట్టుకోవాలి. డెన్ చాయ్ దాటాక రైలు కొండల్లోకి ఎక్కుతుంది, దాదాపు రెండు గంటలకి లంపాంగ్ వస్తుంది. డెన్ చాయ్‌కి ఒక అలారం, నాలుగున్నరకి ఒకటి. రైలు అరగంటో గంటో ఆలస్యమైతే తిట్టుకోనక్కర్లేదు, ఆ గంట కూడా పక్క మీద వెచ్చగా గడిచినట్టే.

రైలు 1916లో లంపాంగ్ వచ్చింది. ముందుకి కొండ తొలిచి 1,352 మీటర్ల ఖున్ తాన్ సొరంగం కట్టి, పట్టాలు చియాంగ్ మై దాకా వేయడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఆ కొన్నేళ్లూ రైలు దిగిన జనానికీ సరుక్కీ బళ్లు కావాలి. అప్పటికే బ్యాంకాక్ వీధుల్లో మోటారుకార్లు తిరుగుతూ గుర్రపుబళ్లని పక్కకి నెడుతున్నాయి. అలా అక్కడ పని తగ్గిన బళ్లు ఇక్కడికి చేరాయి. థాయిలాండ్‌లో గుర్రపుబండి ఇప్పటికీ ఊళ్లో తిరిగేది లంపాంగ్‌లోనే. దాని పేరు "రాత్ మా". "రాత్" అంటే మన రథం, "మా" అంటే గుర్రం. రైలుకి "రాత్ ఫై", నిప్పురథం.

రాజమండ్రి, గుంటూరు స్టేషన్ల ముందు జట్కాలు ఎక్కిన తరం మనలో ఇంకా ఉంది. వాళ్లకి లంపాంగ్ బండి చూడగానే ప్రాణం లేచొస్తుంది గానీ, ఎక్కాక తేడా తెలుస్తుంది. మన జట్కా రెండు చక్రాలది, పైన గూడు, కింద గడ్డి, బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచిపోతుందని "కాస్త ముందుకి జరగండి బాబూ" అంటాడు బండివాడు. లంపాంగ్ బండి నాలుగు చక్రాలది, దొరల కాలపు విక్టోరియా బండి పోలిక. తోలేవాడు ముందు ఎత్తు సీటు మీద, ఎక్కినవాళ్లు వెనక మడత టాపు కింద కాళ్లు చాపుకుని. ముగ్గురు పెద్దవాళ్లయితే ఇరుకే. ధర దారిని బట్టీ, సమయాన్ని బట్టీ కొన్ని వందల బాట్ ఉంటుంది. ఎక్కేముందే చిన్న చుట్టా, గంటా అని తేల్చుకుని వేళ్లతో అంకె చూపించుకుంటే దిగాక పేచీ ఉండదు. బండివాడు కళ్లేలు చేతిలోకి తీసుకున్నాకే మెట్టు మీద కాలు పెట్టాలి. గుర్రం వెనక నిలబడకూడదు, ముఖం దగ్గర ఫ్లాష్ కొట్టకూడదు. దాని కళ్లకి పక్కల తోలు గంతలుంటాయి కాబట్టి పక్కనుంచి వచ్చే మనిషి దానికి కనపడడు, ఉలిక్కిపడుతుంది. మధ్యాహ్నం ఎక్కొద్దు. ఎండలో తారురోడ్డు మీద ఆ జంతువుకీ కష్టమే, మనకీ పెద్ద బాగుండదు. ఎక్కితే సాయంత్రం ఐదున్నర తర్వాత, లేదా బండివాడు ఒప్పుకుంటే పొద్దున్నే ఏడింటికి.

రైలు దిగి స్టేషన్ బయటికొస్తే సాంగ్ థేవ్‌లు ఉంటాయి. "రెండు వరసలు" అని అర్థం, వెనక రెండు బెంచీలు వేసిన పికప్ బండి, మన షేర్ ఆటో లాంటిదే. ఎక్కేముందు దిగాల్సిన చోటు పేరు డ్రైవర్‌కి చెప్పాలి. ఆయన తలూపితే ఎక్కడం, చెయ్యూపితే ఇంకో బండి. దిగేటప్పుడు పైకప్పుకున్న గంట నొక్కి, ముందుకెళ్లి డబ్బివ్వాలి. హోటల్ గది మధ్యాహ్నం రెండింటి దాకా ఇవ్వరు కాబట్టి సామాను రిసెప్షన్‌లో పడేసి నేరుగా నది ఒడ్డుకి పోవాలి, తెల్లటి వంతెన దగ్గరికి. రత్సదాఫిసేక్ వంతెన. అయిదో రామ రాజు పాతికేళ్ల పాలన గుర్తుగా పెట్టిన పేరు, అందులో అభిషేకం అన్న మన మాటే ఉంది. మొదట కట్టింది చెక్క వంతెన, ఇప్పుడున్న కాంక్రీటుది 1917 నాటిది. స్తంభాల మీద తెల్లకోడి బొమ్మ ఉంటుంది. ఈ ఊళ్లో ఎక్కడ చూసినా కోడే: వీధి దీపాల మీద, బోర్డుల మీద, గిన్నెల మీద. ఊరికి పాత పేర్లలో ఒకటి కుక్కుట నగరం. బుద్ధుడు భిక్షకి వస్తే జనం నిద్ర లేవరేమోనని ఇంద్రుడే తెల్లకోడై కూశాడని కథ. సంక్రాంతికి కుక్కుట శాస్త్రం తిరగేసే గోదావరి జిల్లాలవాళ్లకి ఈ ఊరు పుట్టింటిలా అనిపించాలి, పందేల ఊసెత్తకపోతే.

వంతెన దగ్గర పొద్దుటి సంతలో ఆరు, ఆరున్నర మధ్య కాషాయం కట్టుకున్న భిక్షువులు ఉత్తకాళ్లతో వరసగా వస్తారు. వేసేవాళ్లు చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని భిక్ష వేస్తారు. చూసేవాళ్లు ఎదురుగా అడ్డం నిలబడకుండా పక్కకి తప్పుకోవాలి, ఆడవాళ్లు భిక్షువుని తాకకూడదు. అయ్యాక కడుపు సంగతి. వేడి బియ్యపు గంజి "జోక్", అందులో అల్లం సన్నగా తరిగి వేస్తారు. పక్కనే నూనెలో వేగి ఉబ్బిన "పాతాంగ్కో", చిన్న జంట గారెల్లా ఉంటాయి, వేడి సోయాపాలలో ముంచుకుంటారు. చలికాలం మాత్రమే గట్టిగా కనిపించేది "ఖావ్ జీ": జిగురు అన్నాన్ని ముద్దచేసి, ఉప్పేసి, గుడ్డు పూసి బొగ్గుల మీద కాల్చింది. దాని కోసం నిలబడేవాళ్లలో సగం మంది ఆ బొగ్గుల సెగ కోసమే నిలబడతారు.

ఉత్తరాది థాయిలో అన్నం అంటే జిగురు బియ్యపు అన్నమే. దాన్ని మనలా ఎసట్లో పోసి వండరు. రాత్రంతా, తక్కువలో తక్కువ ఆరు గంటలు నానబెట్టి, పొద్దున నీళ్లు వార్చి, సన్నపు కొనున్న గొట్టంలాంటి వెదురు బుట్టలో పోసి, నడుం సన్నగా ఉన్న కుండ మూతి మీద పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. సగంలో ఒకసారి బుట్ట ఎగరేసి అన్నం తిరగేస్తారు. నానడం తక్కువైతే గింజ నడుమ రాయిలా ఉంటుంది, ఎంత ఆవిరి పట్టినా లొంగదు. దించగానే చెక్కపళ్లెం మీద పరిచి ఆవిరి పోగొట్టకపోతే అడుగున తడిసి పిండైపోతుంది. తర్వాత మూతున్న వెదురు బుట్టిలో పెడితే మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. చేత్తో చిన్న ముద్ద చేసి, పచ్చడి లాంటి "నామ్ ప్రిక్"లో అద్దుకుని తినాలి. ఈ ఒక్క విషయంలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నామ్ ఙియావ్ అనే పులుసు పేరు రాయడానికి మన అక్షరమాలలో ఊరికే కూర్చున్న "ఙ" ఇన్నాళ్లకి పనికొచ్చింది. టమాటాలు, పంది ఎముకలు, పులియబెట్టిన సోయా బిళ్లలు వేసి కాచి, సన్న బియ్యపు సేమ్యా మీద పోస్తారు. అందులో నారలా తేలేవి ఎర్ర బూరుగు పువ్వు కేసరాలు, ఎండబెట్టి దాచుకున్నవి. మన పల్లెల్లో దూదికి వాడే బూరుగే. ముదురు రంగు ముక్కలు గడ్డకట్టిన రక్తం, వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. కొబ్బరిపాల పులుసులో గుడ్డు నూడుల్స్ వేసే ఖావ్ సాయ్ మనకి తేలిగ్గా నచ్చుతుంది. అడిగేటప్పుడు "కై" అంటే కోడి, "మూ" పంది, "నువా" గొడ్డుమాంసం. ఈ మూడు మాటలూ చాలు, చాలా మొహమాటాలు తప్పుతాయి.

శాకాహారులకి చిక్కంతా చేపసాస్‌తో, రొయ్యల ముద్దతో. కూరగాయల వేపుడు అని రాసుంటుంది, లోపల నామ్ ప్లా, అంటే చేపసాస్, పోస్తారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, ఉప్పు. "మంగ్సవిరత్" అంటే శాకాహారం, మన "మాంస విరతి" మాటే. కానీ అందులో గుడ్డు ఉండొచ్చు. "జే" అంటే గుడ్డూ పాలూ లేనిది, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్రక్షరం కనిపిస్తే అది జే కొట్టు. ఇవి మధ్యాహ్నానికే కట్టేస్తారు కాబట్టి పెందలాడే పోవాలి. కారం విషయంలో మనవాళ్లు "మాకు అలవాటే" అని ధైర్యం చేస్తారు. వాళ్ల పచ్చి చిన్న మిరప మంట గుంటూరు ఎండుమిరప మంటలాంటిది కాదు. మొదటి రోజు "ఫెట్ నాయ్", కాస్తే కారం, అనడంలో నామోషీ లేదు.

లంపాంగ్ లువాంగ్ గుడికి మాత్రం పొద్దున్నే పోవద్దు. ఇది విని ఆశ్చర్యపోతారు, ఇంతసేపూ పొద్దున్నే అన్నాను కదా. ఊరికి 18 కిలోమీటర్ల దూరంలో ఖో ఖా దగ్గర గోడలున్న కోటలాంటి గుడి అది. 1476 నాటి పెద్ద విహారం, చుట్టూ గోడల్లేకుండా టేకు స్తంభాల మీద నిలబడి ఉంటుంది. వెనక 45 మీటర్ల చేదీ, రాగి రేకులు తొడిగింది. దాని చుట్టూ ఉన్న కటకటాల్లో తుపాకి గుండు చేసిన కన్నం ఒకటి ఇప్పటికీ చూపిస్తారు. 1732లో గుళ్లో మకాం వేసిన బర్మా పక్షపు సేనాపతిని తిప్ చాంగ్ అనే వేటగాడు మురుగుకాలవ దారిన లోపలికి పాకి కాల్చి చంపాడు. తర్వాత అతని వంశమే లంపాంగ్, లంఫూన్, చియాంగ్ మైలని ఏలింది.

మంచులో పోవద్దన్నది అక్కడి నీడ కోసం. బుద్ధపాద మందిరపు చీకటి గదిలో తలుపు చీలికలోంచి వచ్చే వెలుగు, ఎదురుగా పట్టిన తెల్లగుడ్డ మీద చేదీని తలకిందులుగా, రంగులతో సహా గీస్తుంది. వెలుగు సూటిగా పోతుంది కాబట్టి చేదీ కొనమీంచి వచ్చే కిరణం చిన్న కన్నంలోంచి దిగి గుడ్డ అడుగున, పాదం నుంచి వచ్చేది పైన పడుతుంది. స్కూల్లో సూదిబెజ్జం కెమెరా పాఠం చెప్పినప్పుడు గీసిన బొమ్మే, కాకపోతే ఇక్కడ అయిదు వందల ఏళ్లు దాటిన గుడిలో. మంచుంటే బొమ్మ రాదు, చేదీ మీద ఎండ పడాలి. పదిన్నర నుంచి రెండున్నర మధ్య పోతే ఖాయం. లోపలికెళ్లగానే "ఏమీ లేదే" అని బయటికి రాకూడదు, కళ్లు చీకటికి అలవాటు పడ్డానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు ఎవరైనా ఫోన్ లైటు వేస్తే మళ్లీ మొదటికే. బుద్ధపాద మందిరంలోకి ఆడవాళ్లని రానివ్వరు. పక్కనే విహాన్ ఫ్రా ఫుత్‌లో అదే నీడ అందరూ చూడొచ్చు, కాబట్టి మెట్ల దగ్గరే అలిగి వెనక్కి రానక్కర్లేదు. చలికాలం గుళ్లకి ఒక జత మేజోళ్లు పెట్టుకోవాలి, చెప్పులు విప్పాక ఆ రాతి నేల అరికాలి నుంచి నడినెత్తికి జిల్లుమంటుంది.

ఊళ్లో మిగిలిన గుళ్లు త్వరగానే చూడొచ్చు. పచ్చల బుద్ధుడు బ్యాంకాక్ చేరకముందు 1436 నుంచి 1468 దాకా ఉన్నది ఇక్కడి ఫ్రా కేవ్ డోన్ తావ్ గుళ్లోనే. చియాంగ్ మైకి తీసుకుపొమ్మంటే ఏనుగు మాట వినకుండా లంపాంగ్ దారి పట్టిందని చెబుతారు. టేకు వ్యాపారం రోజుల్లో బర్మావాళ్లు కట్టిన సీ చుమ్, సీ రోంగ్ ముయాంగ్ గుళ్లలో చెక్క చెక్కడం బాగుంటుంది. వాత్ పోంగ్సనుక్‌లోని చెక్క మండపాన్ని ఊరివాళ్లే బాగుచేసుకుంటే 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. కొండకొనల మీద తెల్ల చేదీలు నిలబెట్టిన గుడి ఫొటోలు అందరూ చూసే ఉంటారు, అది ఊళ్లో కాదు, చే హోమ్ వైపు. కింద నుంచి పికప్‌లో ఎక్కించి, ఆపైన నిట్టనిలువు మెట్లు నడిపిస్తారు. మోకాళ్ల నొప్పులుంటే ఫొటోలే మేలు.

చే సోన్ వేడినీటి ఊటలకి మాత్రం చీకటితోనే బయల్దేరాలి. నీళ్లు 73 డిగ్రీలు, చుట్టూ గాలి 12 డిగ్రీలున్నప్పుడు ఆ ఆవిరి రాళ్లని పూర్తిగా కప్పేస్తుంది. ఎండెక్కాక పోతే మామూలు గుంటలే. బస్సుల నమ్మకం లేదు, కారో బైకో అద్దెకి తీసుకోవాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా బండి నడిపితే ఏదైనా జరిగినప్పుడు బీమా పనికిరాదు. పొద్దున్నే బైకు మీద పోతే ముందు పట్టు తప్పేది చేతివేళ్లే, గ్లోవ్స్ లేకపోతే కొండ మలుపుల్లో బ్రేకు పట్టే వేళ్లు మొద్దుబారతాయి. అక్కడ చిన్న వెదురు బుట్టల్లో గుడ్లు అమ్ముతారు. ఊటలో 17 నిమిషాలు ఉంచమని చెబుతారు. తీసి పగలగొడితే మనింట్లో ఉడికినదానికి తలకిందులుగా ఉంటుంది: పచ్చసొన ముద్దగా గట్టిపడుతుంది, తెల్లసొన పెరుగులా వణుకుతుంది. పచ్చసొన 70 డిగ్రీల లోపే గట్టిపడుతుంది, తెల్లసొన పూర్తిగా గట్టిపడాలంటే 80 దాకా కావాలి. ఉడకలేదనుకుని మళ్లీ అరగంట ముంచినా తెల్లసొన పెద్దగా మారదు, పచ్చసొన పొడిబారుతుంది. సోయాసాస్, మిరియాల పొడి చల్లుకుని చెంచాతో తినడమే. స్నానపు గదుల్లో వాగు నీళ్లు కలిపి ఇస్తారు. పావుగంట దాటితే తల తిరుగుతుంది, లేచేటప్పుడు గోడ పట్టుకుని లేవాలి.

మధ్యాహ్నాలకి రెండు పనులున్నాయి. ఒకటి ఖావ్ తేన్ చేసే ఇళ్లు. పేరులో తేన ఉంది గానీ తేనెతో సంబంధం లేదు, పైన వేసేది చెరకు పాకం. మన వడియాలకి దగ్గరి చుట్టం. ఉడికిన జిగురు అన్నంలో పుచ్చకాయ రసం, ఉప్పు, కొన్నిచోట్ల నువ్వులు కలిపి, వేడి మీదుండగానే గుండ్రటి అచ్చులో పలచగా అదిమి, జల్లెడ చాపల మీద ఎండబెడతారు. చలికాలం దీనికి మంచి అదను: గాలి పొడి, వానభయం లేదు. కానీ మంచు విడవకముందు ఆరుబయట పెడితే తడి తాగేస్తాయి, అందుకే తొమ్మిది దాటాకే చాపలు బయటికొస్తాయి. ఒకటి రెండు రోజులు, మధ్యలో తిరగేస్తూ. నడుమ తడి మిగిలితే నూనెలో అంచులు పూస్తాయి, మధ్యలో పన్ను విరిగే గట్టి బిళ్ల మిగులుతుంది. నూనె కాగకపోతే పొంగవు, నూనె తాగి బరువెక్కుతాయి. రసం ఎక్కువైతే తీపి వల్ల పొంగేలోపే మాడతాయి. కొనేటప్పుడు సంచి ఎత్తి చూడాలి, దూదిలా తేలిగ్గా ఉంటే బాగా పూసినట్టు. చూపుకి ఎర్రగా మెరిసేవాటి కంటే తెల్లగా ఉన్నవే కరకరలాడతాయి. పాకం వేసినవి వారం తర్వాత సాగుతాయి, ఇంటికి తేవాలంటే పాకం లేనివి తేవాలి.

రెండోది కోడిగిన్నెలు. తెల్ల గిన్నె మీద ఎర్రకోడి, నల్లతోక, పక్కన పియోనీ పువ్వు, అరటాకు. చే హోమ్ వైపు తెల్లమట్టి దొరకడంతో చైనా నుంచి వచ్చిన హక్కా కుమ్మరులు ఇక్కడ బట్టీలు పెట్టారు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1965 నుంచి నడుస్తున్న ధనబదీ కర్మాగారంలో పాత డ్రాగన్ బట్టీ (ఏటవాలుగా, పొడుగ్గా కట్టే బట్టీ), పనిచేసే చోటు చూపిస్తారు. బొమ్మ గీసేవాళ్లు ఒక గిన్నెకి ఒక మనిషి కాదు. ఒకరు కోడి ఒళ్లు వేసి పక్కకి తోస్తే ఇంకొకరు తోక, ఇంకొకరు ఆకు. కుంచె ఒక్కసారి ఆనుతుంది, దిద్దడం ఉండదు. అందుకే ఏ రెండు కోళ్ల తోకలూ ఒకలా ఉండవు, అన్నీ ఒకేలా ఉంటే అది స్టిక్కరు.

శనివారం సాయంత్రం ఐదింటికి పాత బజారు వీధిలో కార్లు ఆపేస్తారు. కాద్ కాంగ్ తా అంటే రేవు వీధి సంత. టేకు దుంగలు నది మీద తేలి పోయిన రోజుల్లో బర్మా, చైనా, ఇంగ్లిషు వ్యాపారులు కట్టుకున్న ఇళ్లు రెండు వైపులా. కొయ్యని లేసులా కోసి అంచులు కట్టిన 1908 నాటి మౌంగ్ ఙ్వే జిన్ మేడ ముందు కాసేపైనా ఆగాలి. ఆరున్నరకి జనం పలచగా, చలి మొదలై, కొట్ల దీపాలు వెలిగే సమయం అన్నిటికంటే మంచిది. ఎనిమిదికి ఒకళ్ల భుజాలొకళ్లకి రాసుకుంటాయి. తొమ్మిదిన్నరకి గిన్నెలవాళ్లు సర్దడం మొదలుపెడతారు. చిల్లర ఉంచుకోవాలి. బయటి కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 200 బాట్ పైనే రుసుము పడుతుంది, చిన్న చిన్నగా కాకుండా ఒకేసారి తీయాలి. నవంబరు పున్నమికైతే ఇదే నదిలో పడవ ఆకారపు తెప్పల్లో దీపాలు వదులుతారు, లాంగ్ సపావ్ అంటారు. సాధారణంగా మన కార్తీక పున్నమి రోజే. అరటిదొప్పలో వత్తి వెలిగించి కాలవలో వదిలిన చేతులకి కొత్తేమీ చెప్పక్కర్లేదు. జనవరి పున్నమికి లాన్నా, అంటే ఈ ఉత్తరాది థాయి, పల్లెల గుళ్లలో తెల్లారకముందే కట్టెలు పేర్చి మంటవేస్తారు, బుద్ధుడికి చలి కాచుకోవడానికని. ఆ కట్టెల దానం కోసం పిల్లలు ముందు వారమంతా అడవి తిరుగుతారు. మన భోగిమంటకీ దానికీ మధ్య రోజుల తేడానే.

కోడిగిన్నె సంతలో కొనాలంటే రెండు వేళ్ల మీద నిలబెట్టి గోటితో అంచు మీద కొట్టాలి. ఖంగుమని సాగితే మంచిది, టప్పుమని ఆగితే కంటికి కనపడని చీలిక ఉన్నట్టు. తర్వాత బల్ల మీద బోర్లించి కదిపి చూడాలి, ఊగితే బట్టీలో వంకర పోయింది. బొమ్మ మీద వేలు రాస్తే రంగు ఉబ్బెత్తుగా తగిలితే అది మెరుపు పూత మీద వేసిన పాతపద్ధతి రంగు. చూడ్డానికి బాగుంటుంది గానీ రోజూ తోమితే అరుగుతుంది, మైక్రోవేవ్‌కి వద్దు. నున్నగా ఉంటే మెరుపు పూత కింద ఉన్న రంగు, వాడుకోవడానికి అదే. ఒక్కోదాన్ని విడిగా వార్తాపత్రికలో చుట్టించి, పళ్లేల్లా పడుకోబెట్టకుండా నిలువుగా, సూట్‌కేసు నడుమ, స్వెట్టర్ మధ్యలో పెట్టాలి. తిరుగు ప్రయాణంలో ఆ స్వెట్టర్‌కి ఇంకో పని ఉండదు, పొద్దున బస్సెక్కేసరికి తొమ్మిది దాటే ఉంటుంది.